ఎర్రమిట్ట చర్చిలో మెల్లకన్ను దేవదూత

ముప్పై నాలుగేళ్లు పాత గోడలకు మరమ్మతులు చేయించి రెండేళ్ల క్రితం రిటైరయ్యాను. బురుజులు, సత్రాలు, గుళ్లు, మసీదులు, దిగుడుబావులు, ఒకే ఒక్క చర్చి. మొన్న నంద్యాలలో ఇంజనీరింగు చదివే పిల్లలు కొందరు నన్ను పిలిచి, ఈ పనిలోకి రావాలంటే ఏం తెలియాలో చెప్పమన్నారు. గంట మాట్లాడాను. అందులో ముప్పావు గంట ఆ ఒక్క చర్చి గురించే. చెబుతూ చెబుతూ నవ్వు ఆపుకోలేక మంచినీళ్లు అడిగి తాగాను. పిల్లలు నాకేదో అయిందని భయపడ్డారు. అందుకని ఈసారి కుదురుగా కూర్చుని రాస్తున్నాను.

ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్లు నిద్రపోయిందో ఇందులో ఉండవు. నేను చేసిన రెండు తప్పులుంటాయి. ఒకటి ఇప్పటికీ అక్కడే ఉంది, వెళ్లి చూడొచ్చు.

మాది అహోబిలం. మా నాయన గుడి వంటశాలలో పులిహోర కలిపేవాడు. ఇంజనీరింగు చదివి రాళ్లకు మరమ్మతు చేసే ఉద్యోగంలో చేరతానంటే ఆయన "రాళ్లలోనే పుట్టినావు, రాళ్లలోనే పెరిగినావు. ఇంగా రాళ్లేందమ్మా?" అన్నాడు. చర్చి పని మీద పోతున్నానని చెప్పినప్పుడు మాత్రం నా క్యారేజీలో పులిహోర రెండింతలు పెట్టి, "ఆడ ఉండేటోళ్లకు గూడా పెట్టు" అన్నాడు.

మంచు పడని ఊళ్లో మంచు కోసం కప్పు

శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ వైపు పోతుంటే లోపలికి ఒక మట్టిదారి తిరుగుతుంది. ఆ దారి చివర ఎర్రమిట్ట. జొన్నచేల మధ్య, మే నెల ఎండలో, అచ్చంగా ఇంగ్లండు పల్లెటూరి చర్చి ఒకటి నిలబడి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు పిచ్చి నవ్వొచ్చింది. దాని కప్పు ఎంత ఏటవాలుగా ఉందంటే, మంచు పడితే జారిపోవాలి. ఎర్రమిట్టలో మంచు పడాలంటే ముందు యుగాంతం రావాలి.

చర్చి లోపల, పాస్టరుగారు అంగీ మార్చుకునే గదిలో, అద్దం కట్టిన పాత బొమ్మ ఒకటుంది. ఈ చర్చి కట్టించిన పాదిరీ దొర తను పుట్టిన ఊరి చర్చిని చేత్తో గీసుకుని తెచ్చుకున్న బొమ్మ అది. ఇట్లాగే కట్టండని దాన్ని ఆళ్లగడ్డ శిల్పుల చేతిలో పెట్టాడు. మనవాళ్లు అట్లాగే కట్టారు. ఒక్క గీత కూడా వదలలేదు.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఇంగ్లండులో పల్లెటూరి చర్చి ఒక్కసారిగా పుట్టదు. ఒక తరంవాళ్లు చిన్న గది కడతారు, కిటికీల పైన గుండ్రటి వంపు పెడతారు. మనవళ్ల కాలానికి పైకి మొనదేలి కోసుగా ఉండే వంపులు వస్తాయి, పక్కన ఇంకో వరస అట్లా కడతారు. ఆ తర్వాత ఎవరో పడమట చదరపు గోపురం లేపుతారు. ఉత్తరపు తలుపు అక్కర్లేదనుకుని ఒకరు రాళ్లు పేర్చి మూసేస్తారు. గోడ చూసి ఏ భాగం ఎప్పటిదో చెప్పొచ్చు. ఆ వందల ఏళ్ల అతుకులన్నీ దొర బొమ్మలో ఉన్నాయి. మన శిల్పులు వాటన్నిటినీ మూడేళ్లలో కట్టి పారేశారు. ఒకవైపు గుండ్రటి కిటికీలు, ఇంకోవైపు కోసు కిటికీలు. ఉత్తరం వైపు ఒక తలుపుకు శుభ్రంగా ద్వారబంధం నిలిపి, చక్కగా గడప వేసి, వెంటనే రాళ్లతో మూసేశారు. బొమ్మలో మూసి ఉంది కాబట్టి.

బొమ్మలో లేని సంగతి వచ్చినచోట మాత్రం సొంత తెలివి వాడారు. ఇంగ్లండు చర్చిల్లో గోపురం నాలుగు మూలలా వాననీళ్లు బయటికి చిమ్మే వింత జంతువుల మూతులు ఉంటాయి. దొర గీత సరిగా కనబడలేదో ఏమో, ఆ జంతువును ఎన్నడూ చూడని మనవాళ్లు నాలుగు సింహపు మొహాల యాళులు చెక్కి పెట్టారు. మా అహోబిలం స్తంభాల మీద ఉండే యాళులే, చర్చి గోపురం మీద నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి. చూడగానే బంధువులు పలకరించినట్టే అనిపించింది.

ఒక సంతకం

నేను అక్కడికి పోయింది ఆనందించడానికి కాదు. గోపురం నైరుతి మూల పగులు ఇచ్చింది. గోడ లోపల ఎప్పుడూ తడి, పాచి. చర్చిని పడగొట్టి కాంక్రీటుతో కొత్తది కట్టుకుంటామని చర్చి కమిటీ అర్జీ పెట్టింది. మా ఆఫీసు నుంచి ఒకరు 'ఇది ప్రమాదకరం' అని సంతకం పెడితే చాలు. ఆ ఒకరు నేను. నాకు అదే మొట్టమొదటి సొంత పని.

మా పైఅధికారి కారు దిగకుండానే గోడ ఆరోగ్యం చెప్పగల మనిషి. కిటికీలోంచి గోపురం వైపు చూసి, "ఒక పేజీ చాలమ్మా. శిథిలం అని రాసేయ్. భోజనానికి నంద్యాల పోదాం" అన్నాడు. ఆయన్ను సోమరి అని నేను చాలాచోట్ల అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ నేను మూడు నెలలు గడువడిగితే ఇచ్చాడు. ఎందుకిచ్చాడో తెలియదు. బహుశా ఆకలి మీదుండి వాదించలేకపోయాడు.

కమిటీ అధ్యక్షుడు దేవదానం సారు. రిటైరైన హెడ్మాస్టరు, ఊరందరికీ చదువు చెప్పినవాడు, ఊరందరి చెవులూ మెలిపెట్టినవాడు. ప్రార్థనకు వచ్చిన పిల్లల మీద గోపురం పడుతుందని ఆయనకు నిజంగానే భయం. కొత్త చర్చి ముందు తన పేరు చెక్కిన పలక ఉండాలని కోరిక కూడా ఉంది. రెండూ నిజాలే.

ఇక సువార్తమ్మ. చర్చి ఊడ్చి గంట కొట్టేది ఆమె. ఆమె తల్లీ అదే పని చేసింది. ఆమె అవ్వ ఈ గోడలకు సున్నం గంపలు మోసింది. కొత్త చర్చికి గంట ఉండదని, మైకు పెడతారని ఆమెకు ఎవరో చెప్పారు. రోజూ నేను వెళ్లగానే చీపురు పక్కన పెట్టి ఒకటే ప్రశ్న అడిగేది.

"పడగొడతారంటనే మేడమ్?"

"ఇంకా తెలియదు సువార్తమ్మా."

"బిరీన తెలుసుకో మేడమ్. నాకు రాత్రిళ్లు నిద్ర పడతాండ్లేదు."

గోపురం పగులు మీద నాలుగుచోట్ల గాజుపలకలు అతికించి తేదీలు రాశాను. గోడ కదులుతుంటే గాజు పుటుక్కుమంటుంది. ఇది మా వృత్తిలో అన్నిటికన్నా చవకైన పరికరం, అన్నిటికన్నా నమ్మకమైనది. గాజుకు లంచం ఇవ్వలేం.

మొదటి తప్పు

గాజు చెప్పేదాకా ఖాళీగా ఉండటం ఎందుకని లోపల సున్నం పని మొదలుపెట్టించాను. ఆళ్లగడ్డ నుంచి బ్రహ్మయ్య ఆచారి వచ్చాడు. డెబ్భై ఏళ్ల మనిషి, ఈ చర్చి చెక్కిన శిల్పుల వంశమే. గానుగలో ఆడించిన సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి సందులు నింపేవాడు. బెల్లం వాసనకు చీమలు, చీమలను చూసి సువార్తమ్మ చీపురు, ఆమె చీపురు చూసి ఆచారి కేకలు. రోజులు సరదాగా గడిచాయి.

లోపల కప్పు దూలాల కింద రాతి దేవదూతలు ఆరుగురున్నారు. చక్కటి ముక్కులు, చిన్న నవ్వు, మన ఊరి ఆడపిల్లల బుగ్గలు. కళ్లు మాత్రం లేవు. కనుబొమల కింద నున్నటి రాయి. అరిగిపోయాయని నేను తేల్చేశాను. రిపోర్టులో పెట్టే ఫొటో కోసం వాటికి కళ్లు చెక్కమన్నాను.

ఆచారి తాపీ కింద పెట్టాడు. "అరగలా మేడమ్. ముక్కు అరగలా, పెదిమి అరగలా, కండ్లు మాత్రం యాడికి పోతాయి?"

ఎంత చక్కటి తర్కం! చదువుకున్న దాన్ని కదా, చెవికెక్కలేదు. "మూఢనమ్మకాలు వద్దు ఆచారీ" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా బుగ్గలు వేడెక్కుతాయి. ఆయన ఉలులు గుడ్డలో మూటకట్టుకుని, నాకు దణ్ణం పెట్టి, శిరివెళ్ల దాకా నడిచిపోయి బస్సెక్కాడు.

నాకు పౌరుషం వచ్చింది. శిరివెళ్లలో తిరగళ్లు కొట్టే ఒకాయన్ను పిలిపించాను. "కండ్లే గదా మేడమ్, సిటికెలో పని" అన్నాడు. నిచ్చెనెక్కి, తల వెనక్కి వాల్చి, పైకి చూస్తూ చెక్కాలి. రాతిపొడి కళ్లలో పడుతుందని తన కళ్లు గట్టిగా మూసుకుని దేవదూత కళ్లు తెరిచాడు. ఒకటి చెక్కాక దిగమన్నాను. మిగతా ఐదుగురూ అట్లా బతికిపోయారు.

ఆదివారం పాస్టరుగారు "ప్రార్థన చేద్దాం" అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. ఒక పిల్ల మాత్రం పైకి చూసి, "అమ్మా, ఆయప్ప కండ్లు తెరిసినాడు!" అని అరిచింది. అందరూ తలెత్తారు. దేవదూత ఎడమ కన్ను తన ముక్కును చూస్తోంది. కుడి కన్ను సూటిగా మూడో వరసలో, ఫ్యాను కింద, దేవదానం సారు శాశ్వత స్థలాన్ని చూస్తోంది. మొదట వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత చర్చి చర్చంతా పడీపడీ నవ్వింది. పాస్టరుగారు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు ఊగుతున్నాయి. నేను స్తంభం వెనక నిలబడి భూమి చీలితే బాగుండుననుకున్నాను.

బయటికొచ్చాక సువార్తమ్మ నా చేయి పట్టుకుంది. "ఏంది మేడమ్ అట్ల చేస్తివి? వాళ్లు ప్రార్థనలో ఉండారు గదా, అందుకే కండ్లు మూసుకున్నారు. ప్రార్థనలో కండ్లు తెరిస్తే మా యమ్మ నెత్తిన మొట్టేది."

మర్నాడే ఆళ్లగడ్డ పోయాను. ఆచారి షెడ్డు ముందు సగం చెక్కిన అమ్మవారు పడుకుని ఉంది. ఆ విగ్రహానికీ కళ్లు లేవు. శిల్పి అన్నీ చెక్కి కళ్లు చివరికి వదులుతాడు, వాటిని ప్రతిష్ఠ నాడు మంత్రంతో తెరుస్తారు. అహోబిలంలో పుట్టిన నాకు తెలియని సంగతి కాదిది. చర్చి గడప దాటగానే ఎందుకు మరిచానో!

"మా ముత్తాతోల్లు దొరను అడిగినారంట మేడమ్" అన్నాడు ఆచారి నవ్వుతూ. "మీ దేవుని శాస్త్రం మాకు తెల్దు, కండ్లు మీరే తెరిపిచ్చుకోండి అన్నారంట. దొర పైకి జూసి, ప్రార్థన చేస్తాండారా, శానా బాగుండారు, అట్లనే ఉండనీండి అన్న్యాడంట."

ఆ దూతలింకా కళ్లు తెరవలేదనుకున్నారు మనవాళ్లు, మూసుకున్నారనుకున్నాడు దొర. ఎవరి లెక్క వాళ్లకు సరిపోయి, ఇన్నేళ్లు అందరూ సుఖంగా ఉన్నారు. మధ్యలో నేను దిగాను.

"మళ్లీ మూయలేమా ఆచారీ?"

"తెరిసిన కన్ను మూసే శాస్త్రం మా కాడ లేదు మేడమ్."

పైఅధికారికి చెప్పాను. తిడతాడనుకుంటే, "అది కూడా రిపోర్టులో రాయమ్మా. నువ్వు రాయకపోతే తర్వాత వచ్చేవాడు దొరే అట్లా చెక్కించాడనుకుంటాడు" అన్నాడు. ఆ మనిషి దగ్గర నేర్చుకున్నది అదొక్కటే. మిగతా ఉద్యోగమంతా దాని మీదే గడిచింది.

రెండో తప్పు

ఈలోగా గాజుపలకలు ఒక్కటీ పగల్లేదు. అంటే గోడ కదలడం లేదు. పగులు పాతది. కానీ తడి మాత్రం పెరుగుతోంది. ఆ నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో తెలియకుండా గోపురం గట్టిదని ఎట్లా సంతకం పెట్టను? కప్పు ఎక్కాను, పునాది తవ్వించాను. వానాకాలం సగం అయిపోయింది. గడువు మూడు వారాలే మిగిలింది.

ఇప్పుడు నా తెలివి వినండి. నైరుతి మూల యాళికి నోరు మూసి ఉంది. మిగతా మూడూ నోళ్లు తెరిచే ఉన్నాయి. అది నేను చూశాను, ఫొటో కూడా తీశాను. కానీ కళ్ల దగ్గర అంత పరువు పోయాక నేను ఒట్టు పెట్టుకున్నాను, ఈ చర్చిలో వింతగా కనబడిందల్లా పెద్దలు కావాలని చేసిందేనని. తలుపు కట్టి మూసినవాళ్లు యాళి నోరు మాత్రం మూయరా? నోటుపుస్తకంలో 'నైరుతి యాళి, మూసిన నోరు, అపురూపం' అని రాసి కింద రెండు గీతలు కూడా గీశాను. మొదట అసలైనదాన్ని దెబ్బ అనుకున్నాను. తర్వాత దెబ్బను అసలైనది అనుకున్నాను.

దిక్కుతోచక, ఆదివారం ప్రార్థన అయ్యాక అందరికీ చెప్పేశాను. గోపురంలోకి నీళ్లెట్లా వస్తున్నాయో నాకు అంతుబట్టడం లేదు, మూడు వారాల్లో తెలియకపోతే శిథిలమనే రాయాల్సి వస్తుంది, ఎవరికైనా ఏదైనా గుర్తుంటే చెప్పండి అన్నాను. వెనక నుంచి సువార్తమ్మ ఏడుపు వినిపించింది. ఒక్కొక్కరే చెప్పులేసుకుని ఇళ్లకు పోయారు.

ఆ మరుసటి ఆదివారం దేవదానం సారు తన మూడో వరసలోనే కూర్చున్నాడు. ప్రసంగం మొదలైన ఐదు నిమిషాలకు కునుకు తీయడం ఆయన అలవాటు. ఆరోజు కునుకు పట్టలేదు. పైకి చూశాడు, కిందికి చూశాడు, కుడికి జరిగాడు. మెల్లకన్నుతో ఒక తంటా ఉంది, ఎటు జరిగినా మనల్నే చూస్తున్నట్టుంటుంది. ఆపై ఆదివారం ఐదో వరసకు మారాడు. అక్కడా లాభం లేకపోయింది.

చివరి ఆదివారం పాస్టరుగారు జలప్రళయం గురించి ప్రసంగిస్తున్నారు. నీళ్లు పైకి పైకి వచ్చాయన్నారు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు దేవదానం సారు లేచి నిలబడ్డాడు.

"నేనే మూసినా!"

పాస్టరుగారు ఆగిపోయారు. "ఏంది సార్?"

"ఆ మూల యాళి నోరు! కొత్త స్కూటరు కొన్న్యప్పుడు, వానొస్తే సక్కగా సీటు మిందనే ఉమ్ముతాండె. సిమెంటు గూరి మూసినా. అది తప్పని నాకేం తెల్సు? ఈ మేడమ్ అడిగినకాణ్ణించి ఆయప్ప నన్నే సూస్తాండాడు, నన్నే సూస్తాండాడు! నా వల్ల గాదు!"

ఆ తర్వాత ఆయన చెవులు మెలిపెట్టిన రెండు తరాలవాళ్లు కలిసి నవ్విన నవ్వు పక్కూరు కొత్తపల్లె దాకా వినబడి ఉంటుంది. నేను ఆమెన్ కోసం ఆగలేదు. చీర కుచ్చెళ్లు దోపుకుని నిచ్చెన వైపు పరిగెత్తాను. వేలితో తడిమితే తెలిసిపోయింది. మూడు యాళులది నాపరాయి నోరు. దీనిది సిమెంటు నోరు, పైన రాతిపొడి అద్ది ఎంత చక్కగా నునుపు చేశాడంటే, హెడ్మాస్టరు చేతి పని కదా, అక్షరం దిద్దినట్టుంది.

మంగళవారం ఆచారి ఆళ్లగడ్డ నుంచి ఆటోలో దిగాడు. పిలవగానే వచ్చాడు, పాత మాట ఎత్తలేదు. ఊరంతా కింద నిలబడింది. ఉలితో నాలుగు దెబ్బలు వేశాడు, సిమెంటు ముద్ద ఊడిపడింది. దాని వెనక, ఏళ్ల తరబడి గోడ నెత్తిన నిలవ ఉన్న నీళ్లు, పావురాల ఈకలు, కుళ్లిన ఆకులు, నల్లటి బురద, అన్నీ యాళి నోట్లోంచి ఒక్కసారిగా బయటికి దూకాయి. కింద దేవదానం సారు స్కూటరు ఉంది. అదే స్కూటరు, అలవాటు ప్రకారం అదే చోట. సరిగ్గా సీటు మీద పడ్డాయి.

సారే ముందు నవ్వాడు. నవ్వి నవ్వి అరుగు మీద కూలబడి, "బాకీ తీరిపాయ" అన్నాడు.

నేను నిచ్చెన మీద నుంచే సువార్తమ్మకు కేక వేశాను. "పడగొట్టే పని లేదు! గోపురం గట్టిదే!"

ఆమె లోపలికి పరిగెత్తి గంట తాడు అందుకుంది. మధ్యాహ్నం మూడు గంటలకు మంగళవారం నాడు గంట మోగితే దానికి ఒకటే అర్థం. చేలల్లో పనిచేసేవాళ్లు తలగుడ్డలు విప్పుకుంటూ పరిగెత్తుకొచ్చారు. "ఎవురు పోయినారు? ఎవురు పోయినారు?"

"ఎవురూ పోలా!" అని లోపలి నుంచి అరుస్తూనే ఉంది సువార్తమ్మ, తాడు వదలకుండా. "ఎవురూ పోలా! చర్చి పోలా!"

నేను నిచ్చెన దిగి, చర్చి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. సంతోషమే. నా మొదటి సంతకం ఒక గోడను నిలబెట్టింది.

ఇప్పుడు

గోపురానికి ఎవరో ఎప్పుడో పూసిన సిమెంటు పూతంతా గీకించి సున్నం పట్టించాం. రెండు ఎండాకాలాల్లో గోడ ఎండిపోయింది. దేవదానం సారు కాలం చేసే దాకా కమిటీకి ఆయనే అధ్యక్షుడు. ఆయన స్కూటరు మాత్రం ఆ తర్వాత వేపచెట్టు కింద ఉండేది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగేది కొంచెమే. గోడ చూసి ఏదీ తేల్చకండి, ఊరిని అడగండి. తిరగళ్లు కొట్టేవాళ్లతో దేవదూతలను చెక్కించకండి. తప్పు చేస్తే రాసి పెట్టండి. నా రిపోర్టు ఆరో పేజీలో ఆ కన్ను ఎవరు చెక్కించారో నా పేరుతో సహా ఉంది.

రిటైరైన వారం ఎర్రమిట్టవాళ్లు నన్ను పిలిచి శాలువా కప్పారు. సన్మానం కింద నాకొక సీటు కేటాయించారు. మూడో వరస, ఫ్యాను కింద. దేవదానం సారు పోయాక అందులో కూర్చోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదట. ఏడాదికి రెండుసార్లయినా పోయి కూర్చుంటాను. మా నాయన లేడు, పులిహోర నేనే కలిపి తీసుకుపోతాను.

మొన్న పోయినప్పుడు ప్రసంగం పొడుగైంది. బయట ఎండ, లోపల మందపాటి సున్నపు గోడల చల్లదనం, కడుపులో సువార్తమ్మ పెట్టిన ఉగ్గాని. కళ్లు వాలిపోతున్నాయి. పక్కనే కూర్చున్న సువార్తమ్మ, ఇప్పుడు ఎనభై దాటిన మనిషి, మోచేత్తో నా డొక్కలో ఒక్క పోటు పొడిచింది.

"మేడమ్, లే. సూస్తాండాడు."